సముద్రం పోగొట్టుకున్న ఊరు: లోస్పితాలెత్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

మీలో ఎంతమంది బార్సిలోనా వెళ్లారు? చేతులెత్తండి ఒకసారి. ఆరుగురు... అక్కడ కిటికీ పక్కన ఇంకొకరు, ఏడుగురు. వీళ్లలో మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ కోసం, అదే ఏటా జరిగే మొబైల్ కంపెనీల పెద్ద సభ కోసం, ఆఫీసు వాళ్లు పంపిస్తే వెళ్లినవాళ్లు? నలుగురు. మీ నలుగురికీ ముందుగా ఒక మాట చెప్పాలి. మీరు మెడలో బ్యాడ్జి వేసుకుని, కాళ్లు నొప్పులు పుట్టేలా నాలుగు రోజులు తిరిగిన ఆ పెద్ద హాళ్లున్నది బార్సిలోనాలో కాదు. టికెట్ మీద బార్సిలోనా అనే ఉంటుంది, పేపర్లో బార్సిలోనా అనే రాస్తారు, మీరు ఫోటో పెట్టినప్పుడు కూడా బార్సిలోనా అనే పెట్టి ఉంటారు. కానీ ఆ నేల లోస్పితాలెత్ అనే ఇంకో ఊరిది. దానికి వేరే మేయరు, వేరే మున్సిపాలిటీ, వేరే చరిత్ర. 2013 నుంచి ఆ సభ అక్కడే జరుగుతోంది, ప్రపంచం నలుమూలల నుంచీ ఏటా వేలాదిమంది ఆ ఊళ్లో దిగి, ఆ ఊరి పేరు తెలియకుండానే తిరిగి వెళ్లిపోతున్నారు.

ఈ రోజు ఆ ఊరి గురించే మాట్లాడతాను. పూర్తి పేరు లోస్పితాలెత్ దె యోబ్రెగాత్. యోబ్రెగాత్ అనేది నది. నేను అక్కడ రెండేళ్లకు పైగా, తొర్రాసా అనే పేటలో, ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. బార్సిలోనాలో ఉద్యోగం, అక్కడ అద్దెలు భరించలేక ఇక్కడ గది. ఆ ఊరికి చాలామంది వచ్చిన దారి అదే, వందేళ్లుగా అదే దారి. చేరినప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

మొదట సరిహద్దు సంగతి చెబుతాను. బార్సిలోనాకీ లోస్పితాలెత్‌కీ మధ్య పొలం లేదు, ఖాళీ స్థలం లేదు, వాగు కూడా కంటికి కనిపించదు. రియెరా బ్లాంకా అని ఒక వీధి ఉంది. రియెరా అంటే వానొస్తేనే పారే వాగు, ఒకప్పుడు అక్కడ అదే ఉండేది, ఇప్పుడు తారు రోడ్డు. ఆ రోడ్డుకి ఒక పక్క ఇళ్లు బార్సిలోనావి, ఎదుటి పక్క ఇళ్లు లోస్పితాలెత్‌వి. పాలకు వెళ్లినా, జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లినా ఊరు దాటి వెళ్లి ఊరికి తిరిగి వచ్చినట్టే. బార్సిలోనా 1897లో చుట్టూ ఉన్న సాంట్స్, గ్రాసియా లాంటి ఊళ్లని తనలో కలిపేసుకుంది. ఆ వీధి అవతల ఉన్న సాంట్స్ కలిసిపోయింది, ఇవతల ఉన్న లోస్పితాలెత్ మిగిలిపోయింది. మిగిలిపోయింది అన్నాను గానీ, పూర్తిగా మిగల్లేదు. ఆ కథకి కాసేపట్లో వస్తాను, ఈ ఊరి గురించి నాకు అన్నిటికన్నా బాధ కలిగించే కథ అదే.

ముందు నేల ఎలా ఉంటుందో చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. లోస్పితాలెత్‌ని మన మాటల్లో చెప్పాలంటే మెరక, పల్లం అని రెండు ముక్కలు. ఉత్తరాన మెరకని వాళ్లు సమొంతా అంటారు. బంకమట్టి నేల, నీటి వసతి లేదు, పాత రోజుల్లో ద్రాక్షతోటలు, మెట్ట పంటలు. దక్షిణాన పల్లాన్ని మరీనా అంటారు. యోబ్రెగాత్ నది కొండల నుంచి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన డెల్టా అది, సముద్రం దాకా సాగిపోయిన తడినేల, చిత్తడి, పశువుల మేత, దోమలు, మలేరియా జ్వరాలు. ఈ రెండిటి మధ్యా గట్టు అంచున పాత ఊరు. మధ్యయుగాల్లో ఈ చోటుని ప్రొవెంసానా అనేవాళ్లు. శాంతా ఎవులాలియా దె ప్రొవెంసానా అని చిన్న చర్చి ఉంది, 1101లో ప్రతిష్ఠ చేశారు, ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ దారిన పోయే బాటసారుల కోసం, యాత్రికుల కోసం ఒక సత్రం కట్టారు. ఆ రోజుల్లో ఆస్పత్రి అన్నా సత్రమన్నా ఒకటే, ఒంట్లో బాగోలేనివాళ్లు, దారిలో చీకటి పడినవాళ్లు అందరూ అక్కడే పడుకునేవాళ్లు. 'ఒస్పితాలెత్' అంటే చిన్న సత్రం. కాలక్రమంలో సత్రం పేరే ఊరి పేరైంది, ప్రొవెంసానా అన్న పేరు మరుగున పడిపోయింది. ఊరి పేరే సత్రం! తర్వాత జరిగిందంతా తెలుసుకున్నాక ఈ పేరు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

కొన్ని వందల ఏళ్లు పెద్దగా ఏమీ మారలేదు. మార్పు నీళ్లతో వచ్చింది. 1819లో ఇన్ఫాంతా కాలువ అని ఒకటి తవ్వారు. ఇన్ఫాంతా అంటే రాజకుమార్తె, లుయీసా కార్లోతా అనే రాకుమారి పేరు పెట్టారు. మోలిన్స్ దె రెయ్ అనే ఊరి దగ్గర నదిలోంచి నీళ్లు తీసి, కోర్నెయా మీదుగా లోస్పితాలెత్‌కి తెచ్చారు. నీరు పల్లమెరుగు అంటాం కదా, ఆ కాలువ గట్టు అంచు వెంబడి సాగింది కాబట్టి కాలువకి దిగువన ఉన్న పల్లమంతా మాగాణి అయిపోయింది, ఎగువన ఉన్న మెరక మెట్టగానే ఉండిపోయింది. కూరగాయలు, పండ్లు పండించి బార్సిలోనా మార్కెట్లకి పంపేవాళ్లు. తర్వాత అదే కాలువ నీళ్లు ఫ్యాక్టరీలకీ పనికొచ్చాయి. 1854లో బార్సిలోనా నుంచి మోలిన్స్ దె రెయ్‌కి వేసిన రైలు ఈ ఊరి మీదుగానే వెళ్లింది, 1881లో విలానోవా వైపు ఇంకో లైను. రెండు లైన్లూ ఊరిని చీల్చుకుంటూనే పోయాయి. ఆ రోజు ఎవరూ బాధపడి ఉండరు, పొలాల మధ్యలోంచి పట్టాలు పోతే ఎవరికేం? కానీ ఆ పట్టాల రెండు వైపులా తర్వాత లక్షల మంది వచ్చి చేరారు, పట్టాలు మాత్రం అక్కడే ఉన్నాయి.

రైలు వచ్చాక బట్టల మిల్లులు వచ్చాయి. తెక్లా సాలా మిల్లు, త్రిన్షెత్ మిల్లు పేర్లు ఇప్పటికీ అందరికీ తెలుసు. పైన మెరకలో బంకమట్టి ఉందన్నాను కదా, అక్కడ ఇటుక బట్టీలు లేచాయి. బట్టీని వాళ్లు బోబిలా అంటారు. బార్సిలోనా పెరుగుతోంది, ఇళ్లకి ఇటుకలు కావాలి, ఆ ఇటుకలు ఈ మట్టిలోంచి వెళ్లాయి. జుజెప్ పెయ్‌రాత్స్ అని ఒకాయన, 1908లో పుట్టాడు, చిన్నతనం నుంచి బట్టీల్లో ఇటుకలు కోసిన కూలీ. పగలు ఇటుకలు, రాత్రి చదువు, కార్మిక సంఘంలో పని. చివరికి ఆయన స్పెయిన్‌లో అరాచకవాద, అంటే ఏ ప్రభుత్వమూ మనుషుల్ని ఏలకూడదనే, కార్మిక ఉద్యమానికి చరిత్ర రాసిన మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ మెరకలో బోబిలా పేరుతోనే ఒక లైబ్రరీ ఉంది. డిటెక్టివ్ నవలల ప్రత్యేక సేకరణకి ఆ లైబ్రరీ ప్రసిద్ధి. నాకు స్పానిష్ సరిగ్గా రాని రోజుల్లో ఆదివారం తోచకపోతే, బొమ్మలున్న పుస్తకాలైనా చూద్దామని శనివారమే వెళ్లి తెచ్చుకునేవాణ్ణి.

ఇప్పుడు 1920. బార్సిలోనా పెద్దలకి ఒక స్వేచ్ఛా రేవు కావాలి, అంటే సుంకం లేకుండా సరుకు దింపి, అక్కడే తయారీ చేసి, మళ్లీ ఓడ ఎక్కించే చోటు. దానికి సముద్రం పక్కన పెద్ద ఖాళీ నేల ఉండాలి. ఉన్నది ఎక్కడ? లోస్పితాలెత్ పల్లంలో. సుమారు 900 హెక్టార్లు, మన లెక్కలో 2,200 ఎకరాలు, లోస్పితాలెత్ నుంచి తీసి బార్సిలోనాలో కలిపేశారు. ఆ ఎకరాలతో పాటు ఊరి సముద్ర తీరం మొత్తం పోయింది. ఈ రోజు లోస్పితాలెత్ మొత్తం విస్తీర్ణం 12.4 చదరపు కిలోమీటర్లు, అంటే మూడు వేల ఎకరాల పైచిలుకు. పోయినది ఎంతో, మిగిలినది ఎంతో మీరే లెక్క చూసుకోండి. ఇంకా ఘోరం ఏమిటంటే, ఏ రేవు కోసం తీసుకున్నారో ఆ రేవు అనుకున్నట్టుగా రానే లేదు. దశాబ్దాల తర్వాత అది ఫ్యాక్టరీల ప్రాంతం అయింది, దాని పేరు సోనా ఫ్రాంకా. సియాట్ కార్ల కంపెనీ 1953లో అక్కడే మొదటి కారు తయారు చేసింది. ఆ ఫ్యాక్టరీల్లో పని చేసిన వేలాది కూలీలు సాయంత్రం అయ్యాక ఎక్కడికి వెళ్లి పడుకున్నారు? లోస్పితాలెత్‌కి. పన్ను వచ్చే నేల ఒక ఊరికి వెళ్లింది, బడి, ఆస్పత్రి, మురుగుకాలువ అవసరమైన మనుషులు ఇంకో ఊరికి వచ్చారు. శివారు ఊరు అనే మాటకి నాకు తెలిసిన అసలు అర్థం ఇదే.

ఇప్పుడు మనుషుల సంగతి. 1900లో ఈ ఊరి జనాభా సుమారు 5 వేలు. 1920లో 12 వేలు. 1930కి 37 వేలు దాటింది. పదేళ్లలో మూడింతలు! ఎందుకంటే 1920లలో బార్సిలోనా మెట్రో సొరంగాలు తవ్వుతోంది, 1929 అంతర్జాతీయ ప్రదర్శన కోసం మొంజుయిక్ కొండ మీద భవనాలు కడుతోంది. కూలీలు కావాలి. దక్షిణాన ముర్సియా, అల్మెరియా జిల్లాల నుంచి జనం బస్సుల్లో బయల్దేరారు. ఎండిపోయిన నేలలు, మూతపడుతున్న గనులు, ఇంక అక్కడ ఉండి చేసేదేముంది? ఆ బస్సులకి 'త్రాన్స్‌మిజెరియా' అని పేరు పడింది. ట్రాన్స్‌సైబీరియన్ రైలు పేరుని మార్చి పెట్టిన పేరు, దరిద్రాన్ని మోసే బండి అని అర్థం. బస్సు దిగిన వాళ్లు రియెరా బ్లాంకాకి ఇవతల, తొర్రాసాలో, కోల్‌బ్లాంక్‌లో సర్దుకున్నారు. బార్సిలోనాకి నడిచి వెళ్లేంత దగ్గర, అద్దె మాత్రం తక్కువ. సన్నటి సందులు, వాటిలో ఒక అంతస్తు ఇళ్లు, ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు. ఆ సందుల్ని 'పస్సాజ్' అంటారు, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి, మధ్యాహ్నం పూట అందులో నడుస్తుంటే ఎవరింట్లో ఏం వేగుతోందో తెలిసిపోతుంది.

1930ల మొదట్లో తొర్రాసాలోకి వెళ్లేచోట ఎవరో ఒక బోర్డు పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు: 'కాటలోనియా ఇక్కడితో అయిపోయింది, ఇక్కణ్ణుంచి ముర్సియా.' కాటలోనియా అంటే బార్సిలోనా, ఈ ఊరు ఉన్న ప్రాంతం. బయటివాళ్లు దాన్ని అవమానంగా చెప్పేవాళ్లు. నా ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన మనిషి, ఆవిడ తాతగారు ముర్సియా నుంచి అలా బస్సు దిగినాయనే, ఆ మాట గుమ్మంలో నిలబడి ఎంత గర్వంగా చెప్పిందో! అవునయ్యా, ఇక్కణ్ణుంచి మాదే, అన్నట్టుగా. నన్ను ఆవిడ 'ఇహో' అని పిలిచేది, అంటే అబ్బాయీ అని. నేను 'సెన్యోరా' అంటే ఒప్పుకునేది కాదు.

1925లోనే రాజు పదమూడో అల్ఫొన్సో ఈ ఊరికి నగరం అనే హోదా ఇచ్చాడు. బిరుదు వచ్చింది, మురుగుకాలువలు రాలేదు. తర్వాత రిపబ్లిక్, అరాచకవాద కార్మిక సంఘాల జోరు, తొర్రాసా ఆ సంఘాల కోటల్లో ఒకటి. 1936లో అంతర్యుద్ధం, 1939 జనవరి 26న, తర్వాత దేశాన్ని నియంతగా ఏలిన ఫ్రాంకో సైన్యం బార్సిలోనాలో అడుగుపెట్టింది. యుద్ధం గురించి మొదలుపెడితే ఈ సాయంత్రం చాలదు, అందుకని ముందుకు వెళ్తున్నాను.

1950లో జనాభా సుమారు 71 వేలు. 1960లో లక్షా 22 వేలు. 1970లో 2 లక్షల 41 వేలు. 1981కి దాదాపు 2 లక్షల 95 వేలు. ఈ అంకెలు చదువుతుంటే నాకు ఊపిరి ఆడదు. ముప్పై ఏళ్లలో నాలుగింతలైంది, అదీ పెరగడానికి ఒక్క ఎకరం కూడా కొత్తగా లేని ఊళ్లో. ఈసారి ముర్సియా ఒక్కటే కాదు, ఆండలూసియా, ఎస్త్రెమదూరా, గలీసియా, అరగోన్... రాత్రంతా, మర్నాడంతా సాగే రైళ్లలో, చెక్క సూట్‌కేసులు తాళ్లతో కట్టుకుని, అన్నం మూట ఒళ్లో పెట్టుకుని వచ్చారు. వాళ్లని స్థానికులు కొందరు 'చర్నేగో' అనేవాళ్లు, అది తిట్టు. మెరక మీద ఉన్న పొలాలన్నీ, బట్టీలు తవ్విన గోతులతో సహా, బిల్డర్లు కొని ఒకదాని పక్కన ఒకటి ఐదారు అంతస్తులు లేపేశారు. వీధి వెడల్పు చూసినవాడు లేడు, చెట్టుకి చోటు వదిలినవాడు లేడు. ఫ్లోరిదా, పుబియా కాసెస్ పేటలు అలా వచ్చినవే. ఫ్లోరిదా చుట్టుపక్కల ఒక్క చదరపు కిలోమీటరులో 50 వేలకు పైగా జనం ఉంటారు, యూరప్ మొత్తంలో అంత కిక్కిరిసిన చోట్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత ఎత్తు భవనాలు కూడా కాదు మళ్లీ! ఎంత దగ్గర దగ్గరగా కట్టారో ఊహించుకోండి.

బెల్‌విజ గురించి మాత్రం తీరిగ్గా చెప్పనివ్వండి. పల్లంలో మిగిలిన పొలాల్లో, నదికి దగ్గరగా, 1960ల మధ్యలో ఒక ప్రైవేటు కంపెనీ అపార్టుమెంట్లు మొదలుపెట్టింది. కాంక్రీటు పలకలు ముందే తయారు చేసి తెచ్చి, పేకముక్కల్లా నిలబెట్టి, పదమూడు పద్నాలుగు అంతస్తుల బ్లాకులు, అన్నీ ఒకేలా, వరసగా. మెట్రో లేదు. రోడ్లు వేయకముందే జనాన్ని దింపేశారు. వాన పడితే బురద, బడి లేదు, డాక్టరు లేడు, పార్కు ప్లానులో ఉంది, నేల మీద లేదు. ఆ బ్లాకుల మధ్యలో చిన్న గుడి ఒకటి, బెల్‌విజ మేరీమాత ఎర్మితా, మధ్యయుగాల నాటిది, ఒకప్పుడు చుట్టూ పొలాలుండేవి, ఇప్పుడు చుట్టూ ఆకాశాన్నంటే గోడలు. 1972లో పక్కనే పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి వచ్చింది, ఇవాళ కాటలోనియాలోని పెద్దాస్పత్రుల్లో అదొకటి.

కంపెనీ ఆగలేదు. ఖాళీగా ఉన్న ప్రతి చోటా, పిల్లలు ఆడుకునే చోటా, పార్కు అని గీసిన చోటా ఇంకా బ్లాకులు కట్టబోయింది. అప్పుడు ఆ బ్లాకుల్లో ఉన్నవాళ్లు, ఫ్యాక్టరీ కూలీలు, వాళ్ల భార్యలు, పిల్లలు, రోడ్డు మీదకి వచ్చారు. 'ఇంకో బ్లాకు వద్దు' అన్నదే వాళ్ల నినాదం. సంవత్సరం ఎప్పుడనుకున్నారు? 1970ల మధ్య. ఫ్రాంకో ఇంకా బతికే ఉన్నాడు, సభ పెడితే అరెస్టు, సంఘం పెడితే అనుమానం. అయినా మట్టి తవ్వడానికి వచ్చిన యంత్రాలకి అడ్డంగా నిలబడ్డారు, కోర్టుకి వెళ్లారు, ఆగకుండా కొట్లాడారు. చివరికి నిర్మాణం ఆపించారు. ఇవాళ బెల్‌విజ వెళ్తే బ్లాకుల మధ్య పచ్చిక, పెద్ద పెద్ద చెట్లు, బెంచీల మీద ముసలాళ్లు కనిపిస్తారు. ఆ ఖాళీ స్థలం ఎవరో ఆర్కిటెక్టు దయతలచి వదిలింది కాదు. ప్లానుల గురించి ఒక్క ముక్క చదువుకోని ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి లాక్కున్నది. నేను ఆ పచ్చిక మీద కూర్చున్నప్పుడల్లా నా గుండె నిండిపోయేది, చెప్పాలంటే ఇప్పుడు కూడా.

అదే రోజుల్లో కాన్ సెర్రా పేటలో ఇంకో పోరాటం. అప్పట్లో స్పెయిన్‌లో కుర్రాళ్లందరూ తప్పనిసరిగా సైన్యంలో చేరాల్సి వచ్చేది. 1975లో కొందరు యువకులు మేం తుపాకీ పట్టం, కావాలంటే మా పేటకి సేవ చేస్తాం అని ప్రకటించి, కాన్ సెర్రాలో పిల్లల్ని చూసుకోవడం, ముసలివాళ్లకి సాయం చేయడం, పెద్దలకి చదువు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత జైలుకీ వెళ్లారు. స్పెయిన్‌లో సైనిక సేవని నిరాకరించిన ఉద్యమంలో ఒక గుంపుగా కలిసి ముందుకొచ్చినవాళ్లలో వీళ్లు మొదటివాళ్లు. దేశం మొత్తానికి సంబంధించిన సంగతి, మొదలైంది ఒక శివారు పేటలో.

1979లో మున్సిపల్ ఎన్నికలు తిరిగి వచ్చాయి, అప్పటి నుంచీ ఈ ఊరు సోషలిస్టుల చేతిలోనే ఉంది. మొదటి పదేళ్లు కొత్తవి కట్టడం కంటే బాకీ తీర్చడానికే సరిపోయాయి. బళ్లు, డ్రైనేజీ, లైట్లు, లైబ్రరీలు. మెట్రో ఒకటో లైను బెల్‌విజ ఆస్పత్రి దాకా వచ్చింది 1989లో. మొదటి కుటుంబాలు చేరిన పాతికేళ్లకి! తెక్లా సాలా మిల్లులో ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ, ఊరి ప్రధాన లైబ్రరీ ఉన్నాయి. 1992 ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ఆటలు ఈ ఊళ్లో కూడా జరిగాయి. 1994 నుంచి 2008 దాకా మేయరుగా ఉన్న సెలెస్తీనో కొర్బాచో ఎస్త్రెమదూరాలో పుట్టినవాడు, వలస వచ్చిన కుటుంబం. ఆయన ఇక్కణ్ణుంచి నేరుగా వెళ్లి దేశానికి కార్మిక, వలస వ్యవహారాల మంత్రి అయ్యాడు. వంటలో పేరున్న ఫెరాన్ అద్రియా కూడా 1962లో ఇక్కడ పుట్టినవాడే, ఇది తిండి మీద ఇష్టమున్నవాళ్ల కోసం చెబుతున్నాను.

తర్వాత గ్రాన్ వియా. బార్సిలోనా నుంచి విమానాశ్రయానికి పోయే పెద్ద రోడ్డు, ఊరి దక్షిణ భాగాన్ని మోటారు దారిలా కోసేసేది. 2000 తర్వాత ఆ రోడ్డు రూపం మార్చి, పక్కన యూరప్ చౌరస్తా అని ఆకాశహర్మ్యాలు లేపారు. జపాన్ ఆర్కిటెక్టు తోయో ఇతో రూపొందించిన ప్రదర్శన హాళ్లు, మెలితిరిగినట్టుండే ఎర్ర టవరు ఆయనవే. మీరు నలుగురూ చూసే ఉంటారు. హోటళ్లు, ఆఫీసులు, కోర్టుల సముదాయం. ఊరికి ఆదాయం వచ్చింది, మంచిదే. కానీ నా అభిప్రాయం అడిగితే, ఆ గాజు టవర్ల నుంచి ఫ్లోరిదా పేటకి మెట్రోలో పావుగంట కూడా పట్టదు, మనుషుల బతుకుల మధ్య దూరం మాత్రం అంతకు చాలా ఎక్కువ. పండగలా సభ జరిగే ఆ వారంలో ఫ్లోరిదాలో ఒక గదిలో నలుగురు పడుకునే ఇళ్లు నేను చూశాను.

ఎందుకంటే, కథ మళ్లీ మొదలైంది. 1981 తర్వాత ఇరవై ఏళ్లు జనాభా తగ్గింది, పిల్లలు పెద్దవాళ్లై, ఆ ఇరుకు ఫ్లాట్లలో ఉండలేక దూరం ఊళ్లకి వెళ్లిపోయారు, 2001 నాటికి 2 లక్షల 40 వేల దగ్గరికి పడిపోయింది. అప్పుడు ఈక్వడోర్, బొలీవియా, డొమినికన్ రిపబ్లిక్, మొరాకో, పాకిస్తాన్, హోండురాస్... వీళ్లు వచ్చి ఆ ఖాళీ ఫ్లాట్లు నింపారు. ఇప్పుడు మళ్లీ 2 లక్షల 70 వేలు దాటింది. ముర్సియా తాతలు దిగిన అదే సందుల్లో ఇప్పుడు పచ్చి అరటికాయలు, కసావా దుంపలు అమ్ముతున్నారు, దాని పక్కనే పాకిస్తానీ కొట్లో నాకు కందిపప్పు, ఇంగువ దొరికేవి. ఆ కొట్టాయనతో నేను హిందీలో మాట్లాడేవాణ్ణి, ఆయన ఉర్దూలో, ఇద్దరికీ అర్థమయ్యేది. పక్కింటి డొమినికన్ పాటలు రాత్రి పదకొండు దాటినా ఆగకపోతే మా యజమానురాలు గోడ మీద చీపురు కర్రతో కొట్టేది. పొద్దున్న వాళ్ల పిల్లకి జ్వరమని తెలిస్తే సూప్ పట్టుకెళ్లేది కూడా ఆవిడే. ఆవిడ నోట కొత్తగా వచ్చినవాళ్ల గురించి విసుగూ విన్నాను, వాళ్లని ఎవరైనా ఒక మాట అంటే 'మా తాతనీ ఇలాగే అన్నారు' అని ఎదురు తిరగడమూ విన్నాను. రెండూ నిజమే, రెండూ ఒకే మనిషి.

ప్రశ్నలకి టైము ఉంచమన్నారు. అడగండి.

(సభలో ఒకరు: బార్సిలోనాలో కలిసిపోతే వాళ్లకి మేలు కదండీ, కలపమని అడగరా?)

మంచి ప్రశ్న. రవాణా, నీళ్లు లాంటివి మహానగర ప్రాంతానికంతా ఉమ్మడిగా చూసుకునే సంస్థలు ఉన్నాయి, ఆ మేరకు కలిసే ఉన్నారు. మున్సిపాలిటీగా కలవడం అంటే మాత్రం, నేను మాట్లాడిన వాళ్లలో ఒక్కరు కూడా ఊఁ అనలేదు. మా సముద్రాన్ని తీసుకున్నది చాలదా అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు. వాళ్లు అడిగేది వేరే. ఇందాక పట్టాల గురించి చెప్పాను కదా, 1854వి, 1881వి, అవి ఇంకా ఊరి మధ్యలోనే నేల మీద ఉన్నాయి, ఒక పేట నుంచి పక్క పేటకి వెళ్లాలంటే వంతెనలెక్కి దిగాలి. ఆ పట్టాల్ని భూమిలోకి దించండి అని దశాబ్దాలుగా అడుగుతున్నారు. హామీలు చాలా వచ్చాయి. ముసలావిడలు సంచులతో ఆ మెట్లు ఎక్కుతుంటే చూడండి, ఎందుకు అడుగుతున్నారో మీకే తెలుస్తుంది.

(ఇంకొకరు: మళ్లీ వెళ్తే చూడటానికి ఏముందండీ అక్కడ?)

ఉంది. పాత ఊళ్లో షిప్రెరెత్ అని ఒక వీధి, రాతి ఇళ్లు, కాసా ఎస్పాన్యా అనే పాత భవనంలో మ్యూజియం. కోల్‌బ్లాంక్ మార్కెట్, అక్కణ్ణుంచి కాంప్ నౌ స్టేడియానికి నడిచి పోవచ్చు. కానీ మీకు ఒక్క గంటే ఉంటే, మీ సభ అయిపోయిన సాయంత్రం, ఒకటో లైను ఎక్కి బెల్‌విజలో దిగండి. బ్లాకుల మధ్య పచ్చిక మీదుగా నడిచి ఆ చిన్న ఎర్మితా దాకా వెళ్లండి. తలుపు మూసి ఉన్నా పర్వాలేదు. బయట బెంచీలుంటాయి, ఆ వేళకి పేకాడుకునే పెద్దవాళ్లు చేరతారు. ఏ ఊరు మీది అని తప్పకుండా అడుగుతారు. చెప్పండి. తర్వాత మీరూ అదే ప్రశ్న అడగండి, ఒక్కొక్కరూ ఒక్కో ఊరి పేరు చెబుతారు, చెప్పాక చేత్తో వెనక ఉన్న బ్లాకు చూపించి, మా ఇల్లు అదీ, తొమ్మిదో అంతస్తు, అంటారు.